డబ్బా మీది పేరు, డబ్బాలోని సరుకు

ఏ దేశంలో స్థిరపడినా తెలుగువారి వంటింట్లో ఒకే రకం స్టీలు డబ్బాలు వరుసగా కనిపించడం పరిపాటి. ఒకదానిలో పంచదార, పక్కదానిలో ఉప్పు. నింపేటప్పుడు పొరపాటున ఒకదానిలో పోయవలసినది మరొకదానిలో పోస్తే ఆ క్షణాన ఏ ప్రమాదమూ తోచదు. పండుగనాడు అతిథులు పాయసం నోట పెట్టుకున్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు మాట పడేది వండినవారే గాని డబ్బా నింపినవారు కాదు.

కంప్యూటర్ ప్రోగ్రాములలో ‘టైప్ కాస్టింగ్’ దోషాల కథ కూడా ఇటువంటిదే. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలో ప్రతి వస్తువుకూ ఒక రకం ఉంటుంది: సంఖ్య, అక్షరమాల, తేదీ మొదలైనవి. అనేక వస్తువులను ఒకచోట దాచే సాధనం ‘లిస్ట్’. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో ప్రకటించిన జావా భాషలోకి 1998లో, 1.2వ రూపంతో, లిస్టుల వంటి సాధనాల సముదాయం ప్రవేశించింది. ఆ లిస్టు అన్నింటినీ కేవలం ‘ఆబ్జెక్ట్’గానే పరిగణించేది. అందులో ఏదైనా వేయవచ్చు. తీసేటప్పుడు మాత్రం “ఇది సంఖ్య” అని ప్రోగ్రామరు హామీ ఇవ్వాలి. ఆ హామీయే కాస్టింగ్. అది వస్తువును మార్చదు; ఉప్పు డబ్బాపై పంచదార అని రాసినంత మాత్రాన ఉప్పు తియ్యబడదు కదా! హామీ అబద్ధమైతే ‘క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్’ అనే దోషంతో ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది.

ఒక ఆసుపత్రిలో మందుల మోతాదుల లిస్టు ఉన్నదనుకోండి. ఒక విభాగం 5 అనే సంఖ్యను వేసింది; మరొక విభాగం అదే 5ను అక్షరరూపంలో వేసింది. తెరమీద రెండూ ఒకటే. ఒక అర్ధరాత్రి మొత్తం మోతాదు లెక్కించబోగా ప్రోగ్రాము నిలిచిపోతుంది. దోషసందేశం వస్తువును తీసిన వాక్యాన్ని చూపుతుంది. తప్పు జరిగినది వేసిన వాక్యంలో, బహుశా వేరే ఫైలులో. తీసేచోట దోషాన్ని పట్టి మింగివేయడం ఉప్పు పడిన పాయసంలో మరికొంత పంచదార కలపడం వంటిదే. చికిత్స జరగవలసినది నింపేచోట.

ఆ చికిత్స పేరు ‘జెనెరిక్స్’. గిలాడ్ బ్రాచా, మార్టిన్ ఒడెర్‌స్కీ, డేవిడ్ స్టౌటమైర్, ఫిలిప్ వాడ్లర్ 1998లో ప్రతిపాదించిన రూపకల్పన ఆధారంగా ఇది 2004లో జావా 5లో చేరింది. లిస్టును సృష్టించేటప్పుడే “ఇందులో సంఖ్యలు మాత్రమే” అని ప్రకటిస్తే, అక్షరాలు వేయబోయిన వాక్యాన్ని కంపైలరే తిరస్కరిస్తుంది. తప్పు రోగి పడక దగ్గర గాక ప్రోగ్రామరు బల్లమీదనే బయటపడుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. మామిడి ఒక పండే. అయినా మామిడిపండ్ల లిస్టును పండ్ల లిస్టుగా జావా అంగీకరించదు. అంగీకరిస్తే ఎవరైనా అందులో జామపండు వేయగలరు. మామిడి అనుకొని తీసినవారు మోసపోతారు. కేవలం చూడటానికే లిస్టును ఇవ్వదలచినప్పుడు ‘వైల్డ్‌కార్డ్’ అనే ఏర్పాటు ఉన్నది. దానితో పండ్లను తీయవచ్చు గాని కొత్త పండు వేయడానికి వీలులేదు.

అక్షరరూపపు లిస్టును సంఖ్యల లిస్టుగా మార్చవలసివస్తే లిస్టు మొత్తాన్ని కాస్ట్ చేయడం వ్యర్థం. కొత్త లిస్టు తీసుకుని, ఒక్కొక్కదానినీ సంఖ్యగా మార్చి అందులో వేయాలి. రకాలు కలిసిన లిస్టు తప్పనిసరైతే, తీసిన ప్రతి వస్తువు రకాన్ని ముందుగా పరీక్షించాలి. జావాలో లిస్టుకిచ్చిన రకం పేరు కంపైలరు వద్దనే చెరిగిపోతుంది, నడిచే సమయంలో మిగలదు. అందుచేత పాత పద్ధతి లిస్టులను కలిపినప్పుడు కంపైలరు చేసే ‘అన్‌చెక్డ్’ హెచ్చరికను ఉపేక్షించరాదు.

అమెరికాలో ఉన్నత పాఠశాల విద్యార్థులు రాసే ఏపీ కంప్యూటర్ సైన్స్ ‘ఎ’ పరీక్ష జావాలోనే జరుగుతుంది. ‘అర్రే లిస్ట్’ అందులో పాఠ్యాంశం. ఈ దోషంతో కుస్తీపట్టే పిల్లలు ఎన్నో తెలుగు ఇళ్ళలో ఉంటారు. ప్రోగ్రామింగ్ తెలియని తల్లిదండ్రులు సైతం వారిని వంటింట్లోకి తీసుకువెళ్ళి, రెండు డబ్బాలు చూపి, “పేరు ఎప్పుడు రాయాలి, నింపేటప్పుడా, వడ్డించేటప్పుడా?” అని అడగవచ్చు. పాఠంలో సగం అక్కడే పూర్తవుతుంది.