కరోనాతో చేజారిన అండర్-18 అవకాశం

మాదాపూర్: ఐటీ కారిడార్‌లోని అపార్ట్‌మెంట్ల ఆవరణల్లో బాస్కెట్‌బాల్ ఆడే బాలికలకు అంతర్జాతీయ పోటీలు దూరపు మాటగా తోచవచ్చు. అయితే ఆసియా అండర్-18 మహిళల పోటీలు 2018, 2022 సంవత్సరాల్లో పొరుగునే ఉన్న బెంగళూరులో జరిగాయి. వీటిలో ఆడేందుకు అర్హతను నిర్ణయించేది తరగతి కాదు, పుట్టిన తేదీ. 2022 పోటీలకు 2004 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ జన్మించినవారే అర్హులు. ఒక్కరోజు ముందు పుట్టినా అనర్హులే.

రెండేళ్లకోసారి నిర్వహించాల్సిన ఈ పోటీలు కరోనా కారణంగా 2020లో జరగలేదు. దాంతో 2002, 2003లలో పుట్టినవారికి 2022 నాటికి వయసు దాటిపోయింది.

జట్టులో చోటు 12 మందికే. పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు ఆడతారు. బంతి దక్కిన జట్టు 24 సెకన్లలోగా బుట్టకు గురిపెట్టాలి. స్కోరు సమమైతే ఐదు నిమిషాలు అదనంగా ఆడిస్తారు.

తొలి నాలుగు స్థానాలు పొందిన జట్లకే అండర్-19 ప్రపంచకప్‌లో ప్రవేశం. 2017 నుంచి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా ఆసియా పోటీల్లో చేరడంతో ఆ నాలుగు స్థానాలకు పోటీ పెరిగింది. 2022లో ఆస్ట్రేలియా విజేతగా నిలవగా, తొలి నాలుగింట భారత్‌కు చోటు దక్కలేదు. అందువల్ల జాతీయ జట్టుపై ఆశపెట్టుకున్న బాలికలు సాధనతోపాటు పుట్టిన తేదీనీ లెక్కలోకి తీసుకోవాల్సిందే.