సెకండ్ హ్యాండ్ పవర్ టిల్లర్: గేర్ ఆయిల్ మడిలోకి కారుతుంటే

జీవామృతం పారించే మడిలో నూనె తెట్టు తేలితే ఎట్లుంటదో మీకు తెలుసు. జనగామ బోర్ల కింద, మహబూబాబాద్, భూపాలపల్లి చెరువుల కింద కరిగెట్టు దున్నే పాత టిల్లర్లు ఏవైనా సరే, ముందు చూడాల్సింది రోటరీ షాఫ్ట్ చివర ఉండే ఆయిల్ సీల్.

బండిని రాత్రంతా కదలకుండా ఉంచి, పొద్దున డ్రెయిన్ బోల్టు వదులు చేయండి. ముందు నీళ్లు వచ్చినా, ఆయిల్ పాలు కలిసిన చాయలా ఉన్నా బురదనీళ్లు లోపలికి పోయినట్టే. ఇక పైనుంచి ఆయిల్ నింపుకుంటూ పోతే బేరింగులు తుప్పు పడతాయి.

పాత సీల్ తీయగానే కొత్తది కొట్టేయకండి. షాఫ్ట్ మీద గోరుతో గీసి చూడండి. గాడి తగిలితే కొత్త సీల్ కూడా కారుతుంది, స్లీవ్ వేయించాల్సిందే. షాఫ్ట్‌కు చుట్టుకున్న గడ్డి, నైలాన్ దారం సీల్ లిప్‌ను కోసేస్తాయి. పడవ మోటార్లకు గాలం దారంతో వచ్చే జబ్బూ ఇదే! బ్రీదర్ మట్టితో మూసుకుపోయినా లోపలి ఒత్తిడికి ఆయిల్ బయటకు తన్నుకొస్తది. మెకానిక్‌కు మీరే గుర్తు చేయండి.

సీల్ మీద 35-52-7 లాగా అంకెలుంటాయి. లోపలి కొలత, బయటి కొలత, మందం, మిల్లీమీటర్లలో. షాపులో అవి చెబితే చాలు. స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్ వైపుకే రావాలి. లిప్‌కు గ్రీజు రాసి, సరిపోయే పైపు ముక్క ఆనించి, చుట్టూ సమానంగా దిగేలా మెల్లగా కొట్టాలి. వీడియోలో ఈ భాగం నిదానంగా చూపించిన.

తీసిన ఆయిల్ గట్టు మీద పారబోయొద్దు, డబ్బాలో పట్టండి. కొత్తది పోశాక ఒక పూట పొడి నేలలో నడిపి, సీల్ చుట్టూ తడి లేకపోతేనే మడిలోకి దించండి.