అంతర్జాలపు తూము ఎవరి చేతిలో?

చెరువు నిండియుండియు తూము తెరచువాడు ఒక్కడే అయినప్పుడు చివరి మడి రైతు పాట్లు ఎట్టివో మన పాఠకులకు వేరుగ చెప్ప బనిలేదు. సోమశిల జలాశయము ఆత్మకూరు సీమలోనే యున్నను, ఉదయగిరి మెట్ట గ్రామముల రైతు ఆకాశము వంక చూచుట మానలేదు. నేడు నీటివలెనే మరియొక వస్తువు ఇంటింటికిని అవసరమైనది. అది అంతర్జాలము. పంట నమోదునకు అది కావలెను; పింఛను పుచ్చుకొను ముసలివారి వేలిముద్రకు అది కావలెను; అంగడిలో పది రూపాయల బేరమునకును అది కావలెను. భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి కొయ్య చెంచాలను చెక్కు పనివాడు తన సరకు బొమ్మను దూరదేశపు కొనుగోలుదారునకు చూపవలెనన్నను అదియే ఆధారము. కనుక దాని ధర యెంత, పరిమితి యెంత, దాని నందించు సంస్థల నడుమ పోటీ యెంత యనునవి పట్టణవాసుల వేడుక ముచ్చట్లు కావు. అవి మన సీమ బ్రతుకుదెరువునకు సంబంధించిన ప్రశ్నలు.

పోటీ యేమి చేయగలదో గడచిన దశాబ్దమే సాక్ష్యము. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు అంతర్జాలము నందించినప్పుడు గంటలు లెక్కించి సొమ్ము పుచ్చుకొనెడిది. 2014 నాటికిని ఒక గిగాబైటు వెల 270 రూపాయలకు దగ్గరగ నుండెను. 2016 సెప్టెంబరు 5న జియో రంగములో దిగి మొదట ఉచితముగనే పంచిపెట్టెను. తక్కిన సంస్థలును ధరలు దించక తప్పినది కాదు. కొలది యేండ్లలో గిగాబైటు వెల పది రూపాయలకు లోబడెను. కూలివాని చేతికిని ఈ సౌకర్యము వచ్చినదన్నచో అది పోటీ పుణ్యమే. ఈ మేలును మేము తక్కువ చేసి చెప్పము.

అయితే ఆ పోరులో నిలువలేని సంస్థలు ఒకటొకటిగ కూలినవి. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసెను. ఆ యేటనే వొడాఫోను, ఐడియాలు ఏకమయ్యెను. టాటాల మొబైలు వ్యాపారము ఎయిర్‌టెల్‌లో కలిసెను. పదికి పైగా సంస్థలుండిన చోట మూడు ప్రైవేటు సంస్థలును, ప్రభుత్వపు బి.ఎస్.ఎన్.ఎల్.ను మిగిలెను. పిదప జరిగినదేమి? 2024 జులైలో ఆ మూడు సంస్థలును కొన్ని దినముల యెడముతో ధరలు పెంచెను. 28 దినములకు 239 రూపాయలుగ నున్న జియో పథకము 299 రూపాయలయ్యెను. నాలుగవ వంతు పెరిగినదన్నమాట. ఆ నెలలో బి.ఎస్.ఎన్.ఎల్.కు సుమారు 29 లక్షల మంది క్రొత్త చందాదారులు చేరిరి. వేరొక త్రోవ యున్నచోట ప్రజలు ఊరకుండరని దీనివలన తేలుచున్నది. త్రోవ లేనిచోటనో? ఉన్నవాడు చెప్పినదే వెల.

ఇక పరిమితుల సంగతి. మొబైలు పథకములలో దినమునకు ఒకటిన్నర గిగాబైటు అనునది మనకు పరిచితమైన కొలత. అంకె చూచుటకు పెద్దదే. సెకనుకు 15 మెగాబిట్ల వేగముతో ఆపక వాడినచో అది 13 నిమిషములు దాటిన కొలదిసేపటికే చెల్లిపోవును. తరువాత వేగము సెకనుకు 64 కిలోబిట్లకు దిగుట వాడుక. అప్పుడు ఒక మెగాబైటు ఛాయాచిత్రము పంపుటకు రెండు నిమిషములు పైబడును. పొదుపుగ వాడి సగము మిగిల్చినవానికి లాభమున్నదా యన్న, చాల పథకములలో నడిరేయి దాటగనే మిగిలినది రద్దగును. గాదెలో మిగిలిన గింజలు తెల్లవారుసరికి మాయమగునని చెప్పినచో ఏ గృహస్థు సహించును? నెల యనుచునే 28 దినముల లెక్కయొకటి. దానివలన ఏడాదికి 12 మారులు కాక 13 మారులు సొమ్ము కట్టవలసి వచ్చుచున్నది. ఈ సంగతి గుర్తించియే నియంత్రణ సంస్థ ట్రాయ్, 30 దినముల పథకమొకటియైనను ప్రతి సంస్థయు ఉంచవలెనని 2022 జనవరిలో శాసించెను.

పరిమితులకు సమర్థన లేకపోలేదు. ఒకడు రేయింబవళ్లు చలనచిత్రములు దింపుకొనుచుండ, ప్రక్కయింటి విద్యార్థికి పాఠము అందకుండుట న్యాయమా యని సంస్థలు ప్రశ్నించును. మొబైలు విషయములో ఈ వాదములో కొంత బలము కలదు. గాలిలో పోవు తరంగములు మితమైనవి. ఒక స్తంభము క్రింది జనమెల్ల వానినే పంచుకొనవలెను. నీటికి వంతులున్నట్లే వానికిని వంతులుండవచ్చును. కాని గాజుతీగ సంగతి వేరు. దాని వ్యయమంతయు తీగ వేయుటలోనే కలదు. వేసిన పిమ్మట ఒక గిగాబైటు అదనముగ పోయినంత మాత్రమున సంస్థకు పడు భారము స్వల్పము. వాడక విడిచిన నీరు చెరువులో నిలుచును. వాడక విడిచిన తీగ సామర్థ్యము ఆ క్షణముననే వ్యర్థమగును. ఒత్తిడి సాయంసమయమున, అందరు నొక్కమారు వాడినప్పుడే కలుగును. రేయి రెండు గంటలకు వాడినవానిని, సంధ్యవేళ వాడినవానిని ఒకే మానికతో కొలుచు పరిమితి రద్దీకి మందు కాదు. అది ఎక్కువ ధర పథకమునకు ఎక్కించు నిచ్చెన మాత్రమే.

కావున మెట్ట ప్రాంతమునకు గాజుతీగయే దిక్కని మా అభిప్రాయము. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు దీర్ఘకాలము ముట్టడించి 1514లో గాని ఉదయగిరి దుర్గమును సాధింపలేకపోయెను. నాడు సేనలకు అడ్డు నిలిచిన కొండలే నేడు తరంగములకును అడ్డు నిలుచుచున్నవి. కొండ చాటు పల్లెకు స్తంభపు సంకేతము సరిగ అందదు. జనము పలుచనైన చోట రెండవ స్తంభము నిలుపుటకు లాభాపేక్షగల సంస్థ తొందరపడదు. దేశమందు 2025 మార్చి నాటికి సుమారు 94 కోట్ల బ్రాడ్‌బ్యాండు చందాలుండగ, అందు తీగపై నడుచునవి నాలుగు కోట్లకు కొంచెము మించినవి మాత్రమే.

ఈ లోపమును తీర్చు తలంపుతోనే రాష్ట్ర ప్రభుత్వము ఫైబర్‌నెట్ సంస్థను స్థాపించినది. త్రవ్వకపు ఖర్చు లేకుండ విద్యుత్ స్తంభములమీదుగనే తీగ లాగిరి. 2016 డిసెంబరులో గోదావరి సీమయందలి మోరి గ్రామమున మొదలైన ఈ ప్రయత్నమును 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ లాంఛనముగ ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకే 15 మెగాబిట్ల వేగము, టెలివిజను, టెలిఫోను అన్నది నాటి వాగ్దానము. తలంపు గొప్పది, అందులో సందేహము లేదు. అయితే ప్రభుత్వము తీగ వేసినంతనే పోటీ పుట్టదు. ఊరిలోని కేబులు నిర్వాహకుడొక్కడే దానిని ఇంటికి చేర్చువాడైనప్పుడు, తీగ తెగిన దినమున అతడు వచ్చువరకు ఎదురుచూచుటయే గృహస్థుని గతి. ప్రైవేటు ఏకస్వామ్యము పోయి ప్రభుత్వ ఏకస్వామ్యము వచ్చినచో తూము మారినదేకాని కాపరి బుద్ధి మారినట్లు కాదు.

మరి కర్తవ్యమేమి? బాట వేరు, బండి వేరు. బాట ప్రజలది కావలెను. దానిపై ఎవరి బండియైనను నడువవలెను. ప్రజాధనముతో వేసిన తీగను, ప్రజల స్తంభములను సమానమైన అద్దెకు ఏ సంస్థయైనను వాడుకొనగలిగినచో వింజమూరులోను, మర్రిపాడులోను, సీతారామపురములోను గృహస్థుడు ఇద్దరు ముగ్గురిలో ఒకని నెన్నుకొనగలడు. ఉమ్మడి నాళములను వివక్ష లేకుండ అందరికి తెరచుటకు 2023 టెలికాం చట్టములోనే అవకాశము కలదు. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము సవరించిన భారత్‌నెట్ పథకమునకు 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. అంత ధనము వెచ్చించునప్పుడు తీగ యెన్ని మైళ్లు పోయినదని మాత్రమే కాక, దానిపై ఎందరు పోటీపడి సేవ చేయుచున్నారని కూడ అడుగవలెను. 2025 సెప్టెంబరులో బి.ఎస్.ఎన్.ఎల్. స్వదేశీ యంత్రసామగ్రితో నాలుగవ తరము సేవలు ప్రారంభించినది. అది మెట్ట గ్రామములకు చక్కగ అందినచో ప్రైవేటు సంస్థల ధరలకు కళ్లెము కాగలదు.

వినియోగదారుని కర్తవ్యమును కలదు. పరిమితి యెంతయో, అది దాటిన పిదప వేగమెంతయో స్పష్టముగ చెప్పవలెనని, పరిమితిలో సగము, తొంబది పాళ్లు, పూర్తిగ వాడినప్పుడెల్ల తెలుపవలెనని తీగ సేవల విషయమున ట్రాయ్ 2016 అక్టోబరులోనే ఆదేశించినది. ఈ ఆదేశము నెందరు చదివిరి? అపరిమితమని పెద్ద అక్షరములతో వ్రాసి, పరిమితిని చీమ తలకాయలంత అక్షరములతో వ్రాయుట వ్యాపారుల నేర్పు. దానిని చదివి నిలదీయుట మన నేర్పు కావలెను. ఇది ఈ సీమకు క్రొత్త గాదు. కలిగిరి మండలము దూబగుంట స్త్రీలు వయోజన విద్యా కేంద్రములలో అక్షరములు దిద్దుకొని, 1992లో సారా అంగడిని ఎదిరించి రాష్ట్రమునకే మార్గము చూపిరి. చదువు వచ్చినవారిని మోసగించుట కష్టమని వారు ఋజువు చేసిరి.

ఉదయగిరి ప్రజలు 1978లోను, 1983లోను శాసనసభకు పంపిన ముప్పవరపు వెంకయ్యనాయుడు ఉపరాష్ట్రపతి పదవి నలంకరించిరి. ఆత్మకూరు ప్రతినిధి మేకపాటి గౌతంరెడ్డి 2022 ఫిబ్రవరిలో అకాలమరణము పొందువరకు రాష్ట్ర ఐటీ మంత్రిగ నుండిరి. ఇంతటి పెద్దలను రాజధానులకు పంపిన సీమ, రాజధానుల నుండి ఒక మంచి తీగను, ఇద్దరు పోటీదారులను కోరుట అత్యాశ కాదు. పంచాయతీలు తీర్మానములు చేయవలెను. శాసనసభ్యులు వానిని ప్రభుత్వము ముందుంచవలెను. తూము తాళము ఒక్కని మొలలో నున్నంతకాలము నీరు ఎంత చౌకయైనను చివరి మడి తడియదు.