రద్దయింది ఉరి, నేరం కాదు

దెందులూరు మండలంలో ఒక హత్య జరిగింది, ఏలూరు సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది అనుకుందాం. ముద్దాయి అప్పీలు చేసుకోకపోయినా ఆ ఫైలు అమరావతిలోని హైకోర్టుకు వెళ్లి తీరాలి. కనీసం ఇద్దరు జడ్జీలు సాక్ష్యాలన్నీ మొదటినుంచి చదివి ధ్రువీకరిస్తే తప్ప ఆ శిక్ష అమలు కాదు.

పైకోర్టు ముందుండే ప్రశ్నలు రెండు. నేరం ఇతనే చేశాడా? చేస్తే, చంపి తీరాల్సిన మనిషేనా? మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని చెప్పవచ్చు. పేపర్లో 'ఉరి రద్దు' అని చదివి నిర్దోషిగా వదిలేశారనుకునేవాళ్లు మర్చిపోయేది ఇదే.

ఈ తేడా బాగా తెలిసేది మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఈడిగ అనమ్మ కేసులో. ఒక స్త్రీనీ ఆమె బిడ్డనూ చంపిన నేరానికి 1971 డిసెంబరు 31న సెషన్స్ కోర్టు అనమ్మకు ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖాయం చేసింది. 1974 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ నేరం జోలికి పోలేదు, ఆమె బతుకు చూశారు. ఇరవై నాలుగేళ్ల మనిషి, మామ కొట్టి తరిమేస్తే పుట్టింటికి చేరింది, ఒక పసివాడికి తల్లి, రెండేళ్లకు పైగా ఉరిభయంతో జైలుగదిలో గడిపింది. శిక్ష యావజ్జీవానికి తగ్గింది. ఆ ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలంది. 1980లో సుప్రీంకోర్టు బచన్‌సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ఉరిని అరుదుల్లోకెల్లా అరుదైన కేసులకే పరిమితం చేసింది.

మరి యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లేనా? కాదు. జీవితాంతమే. ఉరి పడే అవకాశమున్న నేరాల్లో పద్నాలుగేళ్లు నిండకుండా ప్రభుత్వం శిక్ష తగ్గించి వదలకూడదని మాత్రమే చట్టం చెప్పింది. నిండగానే తలుపు తీయాలని ఎక్కడా లేదు. పైగా 2008 నుంచి పైకోర్టులు ఇరవై, ముప్పై ఏళ్లనీ, చివరి శ్వాస వరకూ అనీ గీత గీస్తున్నాయి. 2015లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. సెషన్స్ జడ్జికి ఆ అధికారం లేదు.

ఉదాహరణకు, 2019 జూన్‌లో వరంగల్‌లో తొమ్మిది నెలల పాపపై అత్యాచారం చేసి చంపినవాడికి ఆగస్టులో ఉరిశిక్ష పడింది. నవంబరులో తెలంగాణ హైకోర్టు దాన్ని చివరి శ్వాస వరకు జైలుగా మార్చింది. ఆ తల్లిదండ్రులకు ఈ వివరణ ఏదీ ఊరట ఇవ్వదు, వాళ్ల కోపంలో తప్పు లేదు. అయినా ప్రాణం తీశాక దిద్దుకోలేం కాబట్టి మళ్లీ చూడాల్సిందేనని నా నమ్మకం.

నన్ను బాధపెట్టేది ఆ చూడటం ఆలస్యంగా జరగడం. ముద్దాయి మానసిక స్థితి, పెరిగిన పరిస్థితులు, జైల్లో నడవడిక గురించిన సమాచారం కింది కోర్టులోనే సేకరించాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మన దెందులూరు కేసులో, ఫైలు ఇంకా ఏలూరులో ఉండగానే ఎవరో ఒకరు ముద్దాయి ఊరెళ్లి, ఆ ఇంటి తలుపు తట్టాలి.