మూసాపేట నుంచి సముద్రానికి - సైకిలు మీద!

మా ఇంటి సందు చివరనుంచి పోయే పెద్దరోడ్డు ఎక్కడికి పోతుందో ముప్ఫయి ఏళ్ళలో నేనెన్నడూ ఆలోచించలేదు. ఎర్రగడ్డ రైతుబజారుకు పోతుందని తెలుసు. అమీర్‌పేటకూ, ఎల్.బి.నగర్‌కూ పోతుందనీ తెలుసు. మూసాపేటలో కాపురమున్నవాడికి అంతకు మించి తెలియవలసిన అగత్యమేముంది?

ఒక ఆదివారం పొద్దున్న మా పెద్దమ్మాయి కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి, ‘‘నాన్నా, ఈ రోడ్డు సముద్రం దాకా పోతుంది తెలుసా?’’ అన్నది.

నిజమే సుమండీ! ఒకప్పుడు తొమ్మిదో నంబరు, ఇప్పుడు అరవై అయిదో నంబరు జాతీయ రహదారి అది. పూనాలో బయలుదేరి, మా కూకట్‌పల్లి, మూసాపేట మీదుగా నగరాన్ని దాటి, సూర్యాపేట, విజయవాడ చూసుకుని మచిలీపట్నంలో ముగుస్తుంది. కుతుబ్ షాహీల కాలంలో గోలకొండకు రేవు అదే. డచ్చివాళ్ళు 1605లోనూ, ఇంగ్లీషువాళ్ళు 1611లోనూ అక్కడ కొట్లు పెట్టుకున్నారు. గోలకొండ సరుకు ఎడ్లబండ్ల మీద, ఎద్దుల వీపుల మీద సముద్రానికి చేరింది ఈ దిక్కుగానే.

‘‘అయితే?’’ అన్నాను అనుమానంగా.

‘‘మేం ఏడుగురం సైకిళ్ళ మీద వెళ్దామనుకుంటున్నాం.’’

వంటింట్లో గరిటె కిందపడిన చప్పుడైంది.

మా అమ్మాయి మాదాపూరులో ఉద్యోగం చేస్తోంది. 2022లో కైతలాపూర్ వంతెన వచ్చిన తరవాత కారులో కూర్చుని విసుగెత్తి, ఆఫీసుకు సైకిలు మీద పోవడం మొదలుపెట్టింది. 2023 అక్టోబరులో వెలుపలి వలయ రహదారి పక్కన సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు గదా, సెలవు రోజుల్లో స్నేహబృందమంతా అక్కడే. సరే, బాట మీద తొక్కడం వేరు, లారీల మధ్య తొక్కడం వేరు. మా ఆవిడ వాదన అదే. ‘‘ఏమండీ, మీరు కాస్త గట్టిగా చెప్పండి. ఆడపిల్ల హైవే మీద సైకిలేమిటి?’’ అన్నది. ‘‘మగపిల్లవాడైతే లారీ చూసి తప్పుకుంటుందా అమ్మా?’’ అని జవాబు వచ్చింది. ఇద్దరి మాటా సబబే గనక నేను కాగితం, పెన్సిలూ తెచ్చుకున్నాను. నలభై ఏళ్ళు పద్దులు రాసినవాడికి తగవు తీర్చడానికి తెలిసిన ఉపాయం అదొక్కటే.

లెక్క చెప్పిన నిజం

మూసాపేట నుంచి సూర్యాపేట సుమారు 145 కిలోమీటర్లు. అక్కడినుంచి విజయవాడ మరో 135. విజయవాడ నుంచి మచిలీపట్నం 70, ఊరు దాటి మంగినపూడి తీరానికి ఇంకో పదకొండు. వెరసి సుమారు 360. పిల్లల తొలి పథకమేమిటంటే, శనివారం తెల్లవారుజామున బయలుదేరి, ఆదివారం సూర్యోదయానికి సముద్రం చూడడం!

ఇది బొత్తిగా అసాధ్యమేమీ కాదు. ఫ్రెంచివారి పద్ధతిలో దూరప్రయాణపు సైకిలు పరీక్షలు మన దేశంలోనూ జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై, 400కు ఇరవై ఏడు గంటలు గడువు. పందెం కాదు, గడువులోగా చేరితే చాలు. వీటన్నిటికీ పెద్దన్న పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్ళి తిరిగివచ్చే 1200 కిలోమీటర్ల యాత్ర. దానికి తొంభై గంటలు. 1891లో పుట్టిన ఆ యాత్ర ఇప్పటికీ నాలుగేళ్ళకొకసారి సాగుతోంది. అయితే ఆ మనుషులు రెండువందలు తొక్కి, మూడువందలు తొక్కి, ఆ తరవాతగాని నాలుగువందల మాట ఎత్తరు. మావాళ్ళలో ఒక్క రోజున వంద దాటినవాళ్ళు ఇద్దరే.

‘‘ముందు చౌటుప్పల్ వెళ్ళి రండి. రానూపోనూ 120 కిలోమీటర్లు. సాయంత్రం వచ్చి ఇదే కుర్చీలో కూర్చుని మళ్ళీ చెప్పండి’’ అన్నాను.

చింతచెట్టు కింద ఒక గంట

వెళ్ళారు. తిరిగి వచ్చారు. కాని కుర్చీలో కూర్చున్న మా అమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

జరిగిందిది. పోయేటప్పుడు అందరూ కలిసే పోయారు. వచ్చేటప్పుడు ఎండ ముదిరింది. ముందున్న నలుగురు హుషారుగా తొక్కేశారు, వెనక ఇద్దరు వాళ్ళను అందుకున్నారు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర టీ తాగుతూ లెక్క చూసుకుంటే ఆరుగురే! ఏడో అబ్బాయి లేడు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. ఇద్దరు వెనక్కి వెళ్ళారు. గంట వెతికితే రోడ్డుకు దిగువన చింతచెట్టు కింద తల పట్టుకుని కూర్చుని కనిపించాడు. నీళ్ళు అయిపోయాయి, కళ్ళు తిరిగాయి, ఫోను సంచిలో ఉండిపోయింది. అరుద్దామంటే గొంతు రాలేదుట.

కాసిని నీళ్ళు, ఉప్పూ పంచదారా పట్టేసరికి తేరుకున్నాడు, అదృష్టం. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, మట్టంగా కొలిచి. ఈ లెక్క ప్రతి తల్లికీ తెలుసు. కాని దారిన పోయే ఏడుగురిలో ఒక్కరి సంచిలోనూ ఆ పొట్లం లేదు!

ఆ రాత్రి మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆమె కేకలేస్తే నాకు భయం లేదు. మాట్లాడకపోతేనే భయం. మర్నాడు పొద్దున్న ఆమే అన్నది: ‘‘వెళ్ళొద్దంటే చెప్పకుండా వెళతారు. వెళ్ళేదేదో పద్ధతిగా వెళ్ళమనండి. ఆ పద్ధతేదో నాకు కాగితం మీద రాసి చూపించమనండి.’’

ఏడుగురూ మా ఇంటికి వచ్చారు. చింతచెట్టు అబ్బాయి కూడా వచ్చాడు. ఇక రానని చెప్పడానికి వచ్చాడు పాపం. ‘‘నీకోసమే బాబూ ఈ సభ, కూర్చో’’ అని ఉప్మా పెట్టింది మా ఆవిడ. ఆ పూట ఖాయమైన కట్టుబాట్లు ఇవి. సైకిలు యాత్ర తలపెట్టిన ఏ బృందానికైనా పనికివస్తాయి గనక రాస్తున్నాను.

ఉప్మా సభ తీర్మానాలు

ఒకటి: అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాడిదే బృందపు వేగం. గట్టివాడొకడు చిట్టచివర ఉండాలి. అతను ఎవరినీ దాటిపోకూడదు. ప్రతి పది కిలోమీటర్లకూ ఆగి తలలు లెక్కపెట్టాలి.

రెండు: ఒక్క రోజు కాదు, మూడు రోజులు. మొదటిరోజు సూర్యాపేట, రెండోరోజు విజయవాడ, మూడోరోజు సముద్రం. మధ్యాహ్నం రెండు గంటలకు నకిరేకల్ దాటకపోతే ఆ రాత్రి అక్కడే బస. పథకంలో ఓడిపోయే చోటు కూడా ముందే రాసుకోవాలి. లేకపోతే పంతం మనచేత చీకట్లో తొక్కిస్తుంది.

మూడు: పొద్దుగూకిన తరవాత సైకిలెక్కరాదు. దీపాలు లేకుండా రోడ్డువార నిలిపిన లారీలు, ఊళ్ళ దగ్గర ఎదురుగా వచ్చే మోటారు సైకిళ్ళు, ఈ రెండే దూరప్రయాణపు సైకిలిస్టుకు అసలు గండాలు. నగరం దాటేందుకు తెల్లవారుజామున బయలుదేరక తప్పదు. అప్పుడు ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం, మెరిసే చొక్కా, శిరస్త్రాణం తప్పనిసరి. హైవే మీద ఇద్దరు పక్కపక్కన కబుర్లాడుతూ తొక్కరాదు.

నాలుగు: కాలం. వేసవి మాట తలపెట్టవద్దు. నల్లగొండ, నందిగామల ఎండకు లారీల టైర్లే తాళలేవు. వానాకాలంలో వాగులు పొంగుతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు పొంగి, సరిహద్దున గరికపాడు దగ్గర ఈ దారే తెగిపోయింది. అక్టోబరు, నవంబరు తుపాను మాసాలు. 1864 నవంబరు ఉప్పెనలో బందరులో సుమారు ముప్ఫయి వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ గతి చూసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. సంక్రాంతికి నగరమంతా ఈ రోడ్డెక్కుతుంది, పంతంగి టోలుగేటు దగ్గర బారులు తీరుతుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలింది సంక్రాంతి వెళ్ళిన తరవాతి మూడు నాలుగు వారాలు.

అయిదు: సామాను. మనిషికి రెండు ట్యూబులు, బృందానికి రెండు పంపులు, బ్రేకు తీగ, గొలుసు లంకె, టైరు విప్పే పనిముట్లు. చూస్తే ఏడు సైకిళ్ళకు మూడు రకాల చక్రాలు! ఒకడి ట్యూబు ఇంకొకడికి పనికిరాదు. ఖరీదైన సైకిళ్ళ సన్నని వాల్వుకు దారిలోని పంక్చరు దుకాణంలో గాలి ఎక్కదు, దానికి చిన్న ఇత్తడి బిళ్ళ తగిలించాలి. అది ప్రతివాడి జేబులోనూ ఉండాలి. తాగినా తాగకపోయినా గంటకొకసారి నీళ్ళ సీసా ఎత్తాలి. తిండికి అరటిపండ్లు, పల్లీచిక్కి, సున్నుండలు. 108 అందరికీ తెలిసిందే, జాతీయ రహదారి సహాయానికి 1033 కూడా కంఠతా రావాలి.

గాలి సంగతి

పిల్లలు ఒక విషయంలో నన్ను ఓడించారు. ‘‘హైదరాబాదు సముద్రమట్టానికి అయిదువందల మీటర్ల పైన ఉంది. సముద్రానికి పోవడమంటే దిగడమే గదా, తేలికే!’’ అన్నాను. మా అమ్మాయి నవ్వింది. ‘‘అయిదువందల మీటర్లను 360 కిలోమీటర్లకు పంచు నాన్నా. కిలోమీటరుకు మీటరున్నర కూడా రాదు. కాలికి అది తెలియనే తెలియదు. తెలిసేది గాలి.’’ కోస్తాలో పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి నేలమీదికి వీస్తుంది, అంటే సరిగ్గా ఎదురు. అంచేత మూడోరోజు తెల్లారకముందే విజయవాడ వదలాలి. గాలి లేచేసరికి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటిపోవాలి. ఎదురుగాలిలో వంతులవారీగా ఒకరు ముందు తొక్కితే వెనకవారికి శ్రమ తగ్గుతుంది. చింతచెట్టు అబ్బాయికి మాత్రం ముందు వంతు లేదు.

‘‘ఎందుకు లేదు? నాకూ ఒక కిలోమీటరు ఇవ్వండి’’ అన్నాడతను. ఇచ్చారు. పామర్రు తరవాత, సరిగ్గా ఒక కిలోమీటరు.

సూర్యలంక ఇసుక బాగుంటుంది, అటు పోదామన్నారు ఇద్దరు. మంగినపూడిది నల్లని ఒండ్రు నేల, నిజమే. కాని మన గుమ్మం ముందు రోడ్డు పట్టుకుని చివరిదాకా పోవడంలో ఉన్న సంతోషం ఇంకో దారిలో ఉండదని ఓట్లు పడ్డాయి. ఇంగ్లండులో ఏటా వేలమంది లండను నుంచి బ్రైటను తీరానికి 54 మైళ్ళు సైకిళ్ళ మీద పోతారు. వాళ్ళు పోయేది ఇసుక నాణ్యం చూసుకుని కాదు గదా.

ఈ తీర్మానాలన్నీ మా అమ్మాయి శుభ్రంగా రాసి వాళ్ళమ్మ చేతికిచ్చింది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ‘‘తిరుగు ప్రయాణం?’’ అన్నది.

‘‘బందరు నుంచి సికింద్రాబాదుకు రాత్రి రైలుందమ్మా. సైకిళ్ళు బ్రేకువ్యానులో లగేజీగా వేస్తాం.’’

‘‘ఆ రైలు అటునుంచి కూడా వస్తుంది గదా?’’

నేను తలెత్తి చూశాను. ఆమె కాగితం కింద పెన్సిలుతో ఆరో తీర్మానం రాస్తోంది: ‘‘మూడోరోజు పొద్దున అమ్మా నాన్నా రైల్లో బందరు వస్తారు. తలలు లెక్కపెట్టేది అమ్మ. ఏడు తలలూ సరిపోయాకనే సముద్రంలో దిగాలి.’’

టిక్కెట్లు నిన్ననే తీసుకున్నాం. పెద్ద టిఫిను క్యారియరు అటకమీంచి దిగింది. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు గాని, లేకపోతే ఎనిమిదో సైకిలు కూడా కొనవలసి వచ్చేదేమోనని నాకు లోలోపల అనుమానంగానే ఉంది.