చైను జారని సైకిలు

2010 జూలై 19న ఫ్రాన్సు దేశపు పిరెనీస్ పర్వతాలలో, 'టూర్ డి ఫ్రాన్స్' సైకిలు పందెంలో అగ్రస్థానాన ఉన్న ఆండీ ష్లెక్ బాలెస్ కనుమ ఎక్కుతూ వేగం పెంచాడు. మరుక్షణమే చైను జారింది. దానిని సరిచేసుకొనేలోగా ప్రత్యర్థి ఆల్బెర్టో కొంటడార్ ముందుకు సాగిపోయాడు. ఆనాటి నష్టం 39 సెకన్లు. పందెం ముగిసేనాటికి వారిద్దరి నడుమ అంతరమూ 39 సెకన్లే! డోపింగ్ నిరోధక నియమాల కింద కొంటడార్ గెలుపు 2012లో రద్దై, విజయం ష్లెక్‌కు దక్కడం వేరే కథ.

మనం నిత్యం చూసే గేర్లులేని సైకిలుకు చైను వదులైతే ఊడుతుంది. వెనుక చక్రాన్ని కాస్త వెనక్కు జరిపి బిగిస్తే చాలు. పందెపు సైకిలుకు పెడళ్ల వద్ద సాధారణంగా రెండు పళ్లచక్రాలుంటాయి. డిరైలర్ అనే పరికరం చైనును ఒకదానిపై నుండి మరొకదానిపైకి నెడుతుంది. పెద్దదాని నుండి చిన్నదానిపైకి దిగే క్షణమే అపాయకరం. నెట్టు ఏమాత్రం మించినా చైను చిన్నచక్రాన్నీ దాటి ఫ్రేము వైపు పడిపోతుంది.

ఆ నెట్టుకు హద్దు గీచేది ఒక చిన్న స్క్రూ. చైను ముందు చిన్నచక్రం మీద, వెనుక అన్నిటికంటె పెద్దచక్రం మీద ఉన్నప్పుడు, డిరైలర్ లోపలి రేకుకూ చైనుకూ నడుమ సుమారు అర మిల్లీమీటరు సందు మిగిలేటట్లు దానిని బిగించాలి.

అయితే స్క్రూ ఎంత సరిగా ఉన్నా తొక్కేవారి తొందర దానిని ఓడించగలదు. ఎత్తు మొదలు కాకముందే గేరు మార్చాలి. మార్చేటప్పుడు పెడళ్లను ఆపకుండా, అదమకుండా, తేలికగా తిప్పుతూ ఉండాలి. ఇంత చేసినా చైను లోపలికి జారితే వెంటనే దిగనక్కరలేదు. ముందు గేరును పెద్దచక్రానికి మార్చి మెల్లగా తొక్కితే తరచు అదే పైకెక్కుతుంది. పెడలు బిగుసుకుంటే మాత్రం బలవంతం చేయరాదు, ఫ్రేము దెబ్బతింటుంది.