పొట్టి స్టూలు మీద ప్రెసిడెంటు!

దేశాధ్యక్షుడి విందంటే వెండి పళ్లేలు, పట్టు పరదాలు గుర్తొస్తాయి. కానీ 2016 మేలో వియత్నాం రాజధాని హనోయ్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా కూర్చున్నది పొట్టి ప్లాస్టిక్ స్టూలు మీద! ఎదురుగా ఉన్నది మంత్రో రాయబారో కాదు... దేశదేశాలు తిరుగుతూ అక్కడి తిండినీ మనుషుల్నీ టీవీలో చూపించే ఆంథొనీ బోర్డెయిన్.

ఒకప్పుడు న్యూయార్క్‌లో వంటవాడిగా పనిచేసిన బోర్డెయిన్‌కి వియత్నాం అంటే ప్రాణం. అందుకే సీఎన్ఎన్‌లో తన 'పార్ట్స్ అన్‌నోన్' కార్యక్రమం కోసం అధ్యక్షుణ్ని 'బున్ చా హువాంగ్ లియెన్' అనే మామూలు హోటల్లో కలిశారు. నిప్పులమీద కాల్చిన పందిమాంసం, చేపల సాస్‌తో చేసిన పులుసు, బియ్యం సేమ్యా, పచ్చి ఆకులు... ఇదే బున్ చా. తోడుగా చల్లని బీరు. బిల్లు ఆరు డాలర్లు. కట్టింది బోర్డెయినే!

కబుర్ల మధ్య ఆయనో బరువైన ప్రశ్న వేశారు. ఓ ఆడపిల్ల తండ్రిగా అడుగుతున్నా, ముందుముందు అంతా బాగుంటుందా అని. ప్రగతి తిన్నగా సాగదు, అయినా చివరికి మంచే జరుగుతుందన్నది ఇద్దరు కూతుళ్ల తండ్రి ఒబామా జవాబు.

ఆ తర్వాత హోటల్ మెనూలో 'కాంబో ఒబామా' చేరింది. వాళ్లు తిన్న బల్లని అద్దాల పెట్టెలో భద్రపరిచారు. 2018 జూన్‌లో బోర్డెయిన్ ఆత్మహత్య చేసుకున్నారన్న వార్త విని ఒబామా తలచుకున్నదీ ఆ పొట్టి స్టూలునీ, చవకైన ఆ రుచినే. తెలియనివాటిపట్ల మన భయాన్ని కాస్త తగ్గించిన మనిషంటూ నివాళులర్పించారు.

ఓ యాత్రికుడికి అంతకన్నా పెద్ద బిరుదేముంటుంది!